తొట్టికి పెట్టిన మేత

ఎత్తైన మంచుకొండల్లోని లేహ్ ఊరి మురుగునీళ్లు శుభ్రమయ్యే తొట్టి దగ్గర లుండుప్ పని. రోజూ పొద్దున్నే గాజు జాడీతో ఆ నీళ్లు ముంచి, అరగంట కళ్లార్పకుండా చూస్తాడు. గోధుమరంగు మడ్డి అడుక్కి దిగితే లోపలి సూక్ష్మజీవులు బతికున్నట్టు. తేలితే చస్తున్నట్టు. ఈ ఎత్తులో గాలి మనుషులకే చాలదు, వాటికేం చాలుతుంది? పైగా చలికాలం హోటళ్లు మూతపడి మురుగు తగ్గితే వాటికి పస్తులే. పది రోజులుగా మడ్డి తేలుతూనే ఉంది. అవి చస్తే మురుగు ఉన్నదున్నట్టు కింది పొలాల్లోకి పోతుంది.

భార్య పోయాక ఆవును అమ్మేశాడు. దానికి పెట్టే బార్లీ పిప్పి, ఛాంగ్ కల్లు వడగట్టినప్పుడల్లా ఇంట్లో మిగిలిపోతోంది. దాన్నే తొట్టిలో పోయడానికి బకెట్‌తో మోసుకుపోతుంటే, వరసకు చెల్లెలయ్యే పక్కింటి దోల్కర్ నవ్వింది.

"ఆవును తోలేసి మురుగును మేపుతున్నావా, ఆచో-లే?"

"కంటికి కనబడకపోతే ప్రాణాలు కావా, నోమో-లే? నా చేతుల్లో ఒక మనిషి పోయింది. అది చాలు."

ఆమె ఇంక నవ్వలేదు. మర్నాడు తనింటి పిప్పి కూడా అతని గడపలో పెట్టి వెళ్లింది.

పిప్పి వేయడం మొదలుపెట్టిన ఆరో రోజు మడ్డి మెల్లగా అడుక్కి దిగింది. లుండుప్ లేవలేదు. జాడీని ఒళ్లో పెట్టుకుని, గోడకు చేరగిలబడి, చాలా రోజుల తర్వాత నిశ్చింతగా నిద్రపోయాడు.