రాలేదని చెప్పిన ఫోను

ఇన్నేళ్ళూ ఒక బరువు మోస్తున్నానని అనుకున్నాను. మోసింది నేను కాదట. దాన్ని ఎప్పుడో వేరే మనిషి నెత్తిన పెట్టేసి నేను ఖాళీ చేతులతో తిరుగుతున్నానని ఈ మధ్యనే తెలిసొచ్చింది.

పదేళ్ళు దాటింది. అప్పటినుంచి ఒక మాటను గొంతులో దాచుకుని పాఠాలు చెప్పాను. అబద్ధం ఆడకూడదు పిల్లలూ అని కూడా చెప్పాను, ఆ మాట అన్నప్పుడు నా గొంతు ఒక్కసారి కూడా తడబడలేదు. మీరెవరో నాకు తెలియదు. నేనెవరో మీకు తెలియనక్కరలేదు. తెలిసినవాళ్ళ ముఖం చూస్తూ చెప్పే ధైర్యం లేకనే మీ దగ్గరికి వచ్చాను. ఒకటి ముందే చెబుతున్నాను. మధ్యమధ్యలో నన్ను నేను వెనకేసుకొస్తాను. అలవాటు. అక్కడ నన్ను పట్టుకోండి.

నాది హిందూపురం. పెనుకొండలో హాస్టలు ఉన్న ఒక చిన్న ప్రైవేటు బడిలో టీచరుగా ఉండేదాన్ని. ఆ బడి ఇప్పుడు లేదు. క్రిస్మస్ సెలవులు ఇచ్చే రోజున అక్కడ పిల్లల కోసం ఒక అంగడి పెట్టేవాళ్ళం. ఆలోచన నాదే. ఒక తరగతి గదిలో బెంచీలు కలిపి, మా ఇంటి దుప్పట్లు పరిచి, హిందూపురం బజారు నుంచి తెచ్చిన సామాన్లు సర్దేవాళ్ళం. గాజులు, దువ్వెనలు, కుంకుమ భరిణెలు, చేతిరుమాళ్ళు, ఊలు సాక్సులు. రూలు ఒకటే. ఎవరూ తమ కోసం ఏమీ కొనుక్కోకూడదు. ఇంట్లో వాళ్ళకే కొనాలి. కొన్నదాన్ని రంగు కాగితంలో చుట్టి, పైన పేరు రాసి ఇస్తాం. ఇల్లు చేరేదాకా విప్పకూడదు. ఎప్పుడూ చెయ్యి చాపడమే తెలిసిన పిల్లలు ఒక దువ్వెన పట్టుకుని, ఇది మా అవ్వకు నచ్చుతుందా, అవ్వకు జుట్టే లేదే అని దిగులుగా నిలబడటం మీరు చూడాలి. అది మంచి పని. ఇప్పటికీ ఆ మాటే అంటాను. ఆ ఒక్కటీ నా దగ్గర ఉండనివ్వండి.

ఆ ఏడాది అంగడి నడిపింది నాగవేణి. ఏడో తరగతి, హాస్టలు పిల్ల. వాళ్ళది ధర్మవరం, వాళ్ళ నాయన పట్టుచీరలు నేస్తాడు. ఇంట్లో చీరలు చూపించి అమ్మడం చూస్తూ పెరిగిందేమో, సరుకు చూపించడం దానికి పుట్టుకతో వచ్చింది. అగ్గువ రిబ్బను తీసినా అప్పుడే మగ్గం దించిన చీర అంచులాగా మోచేతి మీద పరిచి చూపించేది. కొనేవాడు తప్పించుకోలేడు. నేను దాన్ని షావుకారమ్మా అని పిలిచి ఏడిపించేదాన్ని. వాళ్ళమ్మ గుండె జబ్బుతో కొన్నాళ్ళుగా పుట్టపర్తిలో ఒక ఆస్పత్రిలో ఉండేది. సెలవులు ఇవ్వగానే అక్కడికి వెళ్ళాలని ఆ పిల్ల సంచి సర్దుకుని పెట్టుకుంది.

ఆ మధ్యాహ్నం బడి పెద్దలు అంగడి చూడటానికి రావాలి. వాళ్ళకు నచ్చితే నన్ను హెడ్‌మిస్ట్రెస్ చేస్తారని స్టాఫ్‌రూములో గుసగుస. నేను కాదన్నట్టు నవ్వేదాన్ని. లోపల మాత్రం కావాలనే ఉండేది.

పొద్దుటి ఇంటర్వల్ బెల్లు కొట్టిన కాసేపటికి నా సెల్లుకు ఫోను వచ్చింది. నాగవేణి మేనమామ. ఆస్పత్రిలో ఎవరిదో ఫోను అడిగి తీసుకుని చేస్తున్నానన్నాడు. అక్కకు సీరియస్‌గా ఉంది, పిల్లను ఎవరితోనైనా వెంటనే బస్సెక్కించండి, నేను పుట్టపర్తి బస్టాండులో నిలబడి ఉంటాను అన్నాడు. సరేనప్పా అన్నాను. పెట్టేశాడు.

ఇక్కడ మీకు మా వైపు పద్ధతి ఒకటి చెప్పాలి. చావు కబురు ఫోనులో చెప్పరు. మనిషి పోయినా సరే, సీరియస్‌గా ఉంది బయలుదేరండి అనే అంటారు. వచ్చేవాళ్ళు దారిలో కూలబడకూడదని. మా నాయన పోయినప్పుడు నాకూ అలాగే చెప్పారు. ఎన్ని మొక్కులు మొక్కుకుంటూ వెళ్ళానో. మా నాయన ఉండే గోరంట్లలో బస్సు దిగి నడుచుకుంటూ వెళ్ళి, ఇంటి ముందు నిప్పు రాజేసి ఉండటం చూశాకే తెలిసింది. అప్పటినుంచి నాకు ఆ మాటకు ఒకటే అర్థం.

అందుకే నాగవేణి తల్లి పోయిందనే అనుకున్నాను. అనుమానమే రాలేదు.

కాదు, ఆగండి. వచ్చింది. ఒక్క క్షణం వచ్చింది. బతికే ఉందేమో, అదే నంబరుకు మళ్ళీ చేసి అడుగుదామా అనుకున్నాను. ఫోను చేతిలోనే ఉంది. అడగలేదు. అడిగితే ఉందనో లేదనో తెలిసిపోతుంది, ఉందని తెలిస్తే ఆ క్షణమే పిల్లను పంపాలి. పోయినవాళ్ళు ఎలాగూ పోయారు, పిల్ల ఇప్పుడు వెళ్ళినా సాయంత్రం వెళ్ళినా చూసేది శవాన్నే కదా, దీనికి తల్లి ఉన్న పిల్లలాగా ఇంకొక్క పూట సంతోషంగా ఉండే వీలు నేనెందుకు ఇవ్వకూడదు అని నాకు నేను చెప్పుకున్నాను. ఎంత దయ చూడండి. ఆ దయ కింద ఇంకో ఆలోచన ఉంది. నాగవేణి లేకపోతే అంగడి ఎవరు నడుపుతారు? ఈ రెండింటిలో ఏది ముందు వచ్చింది? ఇన్నేళ్ళుగా తవ్వుకుంటున్నాను. దయే ముందు వచ్చిందని ఒట్టు పెట్టి చెప్పలేను.

అలా ఊరుకున్నాను. అంగడి నడిచింది. నాగవేణి అమ్మింది, నవ్వింది, బేరమాడిన పిల్లలను దబాయించింది. మధ్యలో తన వంతు వచ్చినప్పుడు ఊలు సాక్సులు తీసుకుని నా దగ్గరికి వచ్చింది. ఆస్పత్రిలో అమ్మకు కాళ్ళు చల్లబడుతున్నాయట, ఇవి వేస్తే వెచ్చగా ఉంటుంది కదా మేడం అని అడిగింది. ఉంటుందమ్మా అన్నాను. రంగు కాగితంలో నేనే చుట్టాను. పేరు కూడా నేనే రాశాను. నా చెయ్యి వణికిందా? వణికిందని మీకు చెప్పాలని ఉంది. వణకలేదు.

పెద్దలు వచ్చారు, కేకు తిన్నారు, బాగుంది బాగుంది అన్నారు. బడి వదిలాక మేనమామ మళ్ళీ ఫోను చేశాడు. ఇంకా రాలేదేమి మేడం అని ఒక్క మాట అడిగి ఏడ్చాడు. ఇదిగో పంపిస్తున్నాను అన్నాను. హాస్టలు ఆయాను తోడిచ్చి పిల్లను బస్సెక్కించాను. అది కిటికీలోంచి నాకు చెయ్యి ఊపింది.

తరువాత పలకరించడానికి ధర్మవరం వెళ్ళాను. మగ్గం మీద పాత పంచె కప్పి ఉంది. నాగవేణి తండ్రి ఆ మగ్గం పక్కనే కింద కూర్చుని ఉన్నాడు. మేనమామ మూలలో, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని ఉన్నాడు. నాగవేణి గడప మీద కూర్చుంది. అక్కడ విన్న మాటలు ఈ రోజుకూ నాకు ఒక్క అక్షరం పొల్లు పోలేదు.

"మధ్యాన్నం దాకా అడుగుతానే ఉండె మేడం," అన్నాడు తండ్రి. "పిల్ల యాడుండాది, వస్తాందా, వస్తాందా అని. వాకిలి పక్కే సూస్తా పానం ఇడిసె."

మధ్యాహ్నం దాకా. అంటే నాకు ఫోను వచ్చినప్పుడు ఆమె బతికి ఉంది. మాట్లాడుతోంది. అతను ఉన్నది ఉన్నట్టే చెప్పాడు. ఆ వెంటనే పంపి ఉంటే పిల్ల అందేది.

"మీకు ఫోను ఎప్పుడొచ్చె మేడం?" అని అడిగాడు తండ్రి. నిలదీయడానికి కాదు. ఊరికే, ఏదో ఒకటి అడగాలి కాబట్టి అడిగాడు.

"సాయంత్రం," అన్నాను. "బడి వదిలినాక."

మేనమామ తలెత్తాడు. "అదేంది మేడం? పొద్దున్నే చేసినా కదా. మీరే ఎత్తినారు. సరేనప్పా అంటిరి."

"సాయంత్రం చేసినావప్పా. నాకు వచ్చింది ఒక్కసారే."

"థూ," అన్నాడు తండ్రి, అతని వైపు తిరిగి. "చేసినా చేసినా అని నాతో అబద్దం చెప్తివి కదరా. మీ అక్క పానం పోతాంటే తాగి యాడ పడిపోయింటివి?"

"తాగలేదు బావా. పిల్ల వస్తాదని బస్టాండులో నిలబడుకోనుంటి. అమ్మతోడు బావా."

"నోర్ముయ్. మేడంకు అబద్దం చెప్పే కర్మేం పట్టె?"

అతను తాగుతాడని వీధంతా తెలుసు. నాకూ తెలుసు. తాగేవాడి మాట ఎవరు నమ్ముతారు? ఆ లెక్క నా నాలుకకు నాకంటే ముందే తెలిసింది. ఆ రోజు అతను చుక్క ముట్టలేదని, నా మాట నమ్మి పొద్దుటినుంచి సాయంత్రం దాకా వచ్చిన ప్రతి బస్సులోకీ తొంగి చూస్తూ, అక్క ఆఖరి చూపు కూడా పోగొట్టుకున్నాడని ఆ ఇంట్లో తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. అతను నావైపు చూశాడు. కోపంగా కాదు. నిజంగానే నేను మరిచిపోయానేమో, గుర్తు తెచ్చుకుంటానేమో అని ఎదురుచూస్తున్నట్టు చూశాడు. నేను తల తిప్పుకున్నాను. నాగవేణి చూస్తున్నది మాత్రం నన్ను కాదు, మామను. బయటికి వస్తుంటే ఆ తండ్రి నాకు దండం పెట్టాడు, ఆ సాక్సులు తొడిగే సాగనంపితిమి మేడం, పిల్లకు మంచి బుద్ధులు నేర్పినారు అన్నాడు. నేను కూడా చేతులు జోడించాను.

నన్ను హెడ్‌మిస్ట్రెస్ చేశారు. ఆ కుర్చీలో కూర్చున్నాను. మరుసటి ఏడాది నుంచి అంగడి పెట్టలేదు. పిల్లలు అడిగితే ఓపిక లేదన్నాను. ఎవరైనా ఊరికే ఫోను సంగతి ఎత్తినా గుమ్మడికాయల దొంగలాగా భుజాలు తడుముకునేదాన్ని. మళ్ళీ మెల్లగా అదీ పోయింది. మనిషి దేనికైనా అలవాటు పడతాడు, నేను మరీ తొందరగా పడ్డాను.

మొన్న నాగవేణి మా ఇంటికి వచ్చింది, పెళ్ళి కార్డు పట్టుకుని. డిగ్రీ చదివి ధర్మవరంలోనే చీరల దుకాణంలో పనిచేస్తోంది. ఇప్పుడు కూడా చెయ్యి తిప్పుతూనే మాట్లాడుతుంది. ఉప్మా పెట్టాను, తింది. మాటల్లో, పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి తీసుకొచ్చేది మేనమామే కదా, మీ మామ బాగున్నాడా అని అడిగాను. ఎందుకు అడిగాను? అతను బాగున్నాడని వినాలని. నా పని అంత చెడ్డది కాలేదని వినాలని.

"ఆయప్పను పిలవలేదు మేడం," అంది. "నాయన ఆ పొద్దే ఇంట్లోకి రావద్దనె. అగళి పక్క యాడో తోటలో కూలికి ఉండాడంట. గంప పట్టేదానికి మా చిన్నాయన ఉండాడులే. మా అమ్మను నేను కడసారి సూడకుండా చేసినోడు ఆయప్ప. వాని చెయ్యి పడితే నాకు పెళ్ళే వద్దు."

చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉండదు. నేను ఇంకొంచెం ఉప్మా వేసుకో అన్నాను. అది నా కాళ్ళకు మొక్కింది, నేను అక్షింతలు వేసి పంపించాను. వీధి మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడి, లోపలికి వచ్చి, ఆ పిల్ల తిన్న పళ్ళెం కడుగుతూ కడుగుతూ కింద కూర్చుండిపోయాను. ఒక మనిషి అక్కను పోగొట్టుకున్నాడు, ఇల్లు పోగొట్టుకున్నాడు, ఎత్తుకుని పెంచిన పిల్ల పెళ్ళి పోగొట్టుకున్నాడు. అంతా ఒక్క ఫోను రాలేదన్నందుకు. భయపడి అన్నాను, నిజమే. కానీ ఆ భయం ఒక్క పూటది. తరువాతి ఇన్నేళ్ళూ భయం కాదు. సుఖం.

నిన్న నాగవేణికి ఫోను చేశాను. ముందుమాటలేవీ చెప్పలేదు, చెబితే మళ్ళీ దారి తప్పుతానని తెలుసు. మీ మామ అబద్ధం చెప్పలేదమ్మా, నేను చెప్పాను, ఇంటర్వల్‌లోనే చేశాడు, నేనే ఎత్తాను, అంగడి అయ్యేదాకా నిన్ను పంపలేదు అన్నాను. పోయిందనుకున్నాను అని కూడా అనబోయి ఆపుకున్నాను. తరువాత అదీ చెప్పాను. ఆపుకోలేకపోయాను.

అటువైపు మగ్గం చప్పుడు వినిపిస్తోంది. తరువాత నాగవేణి ఒకటే అడిగింది.

"ఫోనొచ్చినప్పుడు మా అమ్మ మాట్లాడతాండెనా మేడం?"

"మాట్లాడుతోందమ్మా."

పెట్టేసింది.

అది మళ్ళీ చేయలేదు, నేనూ చేయలేదు. మామను పిలుస్తారో లేదో నాకు తెలియదు. నన్ను పెళ్ళికి రావద్దంటారని మాత్రం తెలుసు, వెళ్ళే ముఖమూ లేదు. క్షమించమని అడగలేదు. అడిగితే అది కూడా ఆ పిల్ల దగ్గర ఇంకొకటి తీసుకోవడమే అవుతుంది.

ఫోను పక్కన పెట్టి వంటింట్లోకి వెళ్ళాను. నాకు ఆకలి వేసింది. ఎన్నాళ్ళ తరువాతో, నిజమైన ఆకలి. సిగ్గు వేసింది. అయినా కడుపునిండా తిన్నాను.