అట్ట మీది పేరు

స్వర్ణలతక్క పేరు తీసేసింది నేనే. ఎవ్వలూ అడగలే, కడుపుల ఆగక చెప్తున్న.

మా సారు పాండురంగం. కర్మన్‌ఘాట్ల తాతల నాటి భూములన్నీ ప్లాట్లయినంక, దిల్‌సుఖ్‌నగర్ల పుస్తకాల ఆఫీసు పెట్టిండు. వేరే భాషల కొత్త నవలలు తెలుగుల తెచ్చుడు ఆయన పని. ఆయన ఒక్క పుస్తకం చదవంగ నేనైతే చూడలే. నా పేరు హరీష్, అక్కడ డీటీపీ చేస్త.

స్వర్ణలతక్క ఎల్బీనగర్ల ఒక ప్రైవేటు దవాఖానల నర్సు. సొంతూరు నల్గొండ దిక్కు. హాస్టల్ల పన్నెండేండ్లు కేరళ నర్సులతోని ఉండి, మలయాళం మాట్లాడుడే కాదు, చదువుడు గూడ నేర్చింది. డ్యూటీ దిగినంక రోజుకు రెండు పేజీల చొప్పున ఒక నవలను తెలుగు చేసింది.

"నాకేం ఇయ్యకుండ్రి సార్. అట్ట మీద నా పేరుంటే చాలు" అన్నది.

"నీ పేరు కాకపోతే నా పేరు ఏస్తమా అమ్మా" అని నవ్విండు సారు.

అట్ట తయారుచేసి అక్కకు చూపెట్టిన. తన పేరు మీద ఏలు పెట్టి చూసుకున్నది.

ప్రింటుకు పోయే నాడు సారు నా ఎనుక నిలబడ్డడు. "నర్సు రాసిందంటే ఎవడు కొంటడ్రా? నా పేరు ఎయ్యి."

"అక్కకు చెప్పిన్రా సార్?"

"నీకెందుకురా గవన్నీ?"

ఏసిన. పది సెకండ్ల పని. అక్కకు ఒక్క ఫోన్ కొడితే అయిపోతుండె. కొట్టలే. కొలువు పోతదని భయం.

ఆదివారం సభ. నవల రాసినామె కేరళ నుంచి ఒచ్చింది. ఆమె మాటలు తెలుగుల చెప్పేతందుకు సారు అక్కనే స్టేజీ మీదికి పిలిచిండు. అక్క ఎంత మురిసిందో. తనకు మలయాళం నేర్పిన నర్సులను తోల్కొచ్చి రెండో వరుసల కూసోబెట్టింది.

ఆవిష్కరణ తీరు మీకు తెల్వంది గాదు. రంగు కాగితం చుట్టి రిబ్బన్ కట్టిన పుస్తకం ఒక్కొక్కల చేతిల పెడ్తరు. విప్పంగనే అట్టను జనం దిక్కు తిప్పి, గడ్డం కాడ పట్టుకొని ఫొటో దిగాలె. తాము ముందు చూసుకునుడు ఉండదు. అక్క గూడ అట్లనే పట్టుకొని పండ్లన్నీ కనవడేటట్టు నవ్వింది. ఆ కేరళ నర్సులకు తెలుగు చదవరాదు. అందరికన్న గట్టిగ చప్పట్లు కొట్టింది వాళ్లే.

ఫొటోలయినంక అక్క అట్ట తిప్పి చూసుకున్నది. ఎంటనే నా దిక్కు చూసింది. నేను తల దించుకున్న. థూ, నాదీ ఒక బతుకేనా.

అప్పటికే రచయిత్రి మైకు పట్టుకున్నది. ఆమెకేం తెలుసు పాపం, సారు చెప్పిందే నమ్మింది. మలయాళంల ఒక మాట అన్నది. రెండో వరుస నర్సులు ఒకల మొఖం ఒకలు చూసుకున్నరు. అక్క ఆ మాటను మైకుల తెలుగు చేసి చెప్పింది.

"నా నవలను ఇంత ప్రేమగా తెలుగు చేసిన పాండురంగం గారికి నేను రుణపడి ఉన్నాను."

హాలంత చప్పట్లు. సారు లేచి దండం పెట్టిండు.

బస్టాపు కాడ అక్కను అడిగిన, గంత మందిల ఒక్క మాటన్న అనకపోతివేందని.

"ఆమె అన్నదే చెప్పిన. నా మాట కలిపితే గది అనువాదమెట్లయితది?" అన్నది. బస్సు ఎక్కుకుంట, "నువ్వన్న ముందుగాల చెప్తివా తమ్మీ?" అన్నది.

సారుకు ఆ ఫొటో మస్తు నచ్చింది. పెద్దగ చేయించి ఆఫీసు గోడకు తగిలించిండు. అక్క నవ్వుతుంటది, ఆమె గడ్డం కింద సారు పేరు. నా కుర్చీ దానికి ఎదురుంగనే.