బాదం ఆకుల సాకు

మొన్న ఆదివారం పొద్దున కొరియర్ అతను మా తలుపు కొట్టి, ఎదురింటి వాళ్లు ఫోనెత్తడం లేదు, కాస్త మీరిచ్చేయండి అంటూ ఒక పొట్లం నా చేతిలో పెట్టి లిఫ్టు వైపు పరుగెత్తాడు. పల్చటి ప్లాస్టిక్ సంచీ, లోపలున్నవి బయటికే కనిపిస్తున్నాయి. ఎండిన బాదం ఆకులు, లెక్కగా పది. పైన అంటించిన చీటీ మీద తోక విప్పుకున్న ఫైటర్ చేప బొమ్మ. ఎదురింటి అమ్మాయి చెవిలో ఫోను పెట్టుకునే తలుపు తీసి, థాంక్యూ అంకుల్ అని పొట్లం అందుకుని మళ్లీ తలుపు వేసుకుంది. చేపకేమైందమ్మా, తోక చిరిగిందా అని అడుగుదామనుకున్న మాట నా నోట్లోనే ఉండిపోయింది. మా ఆవిడ పోయాక ఇలా నోట్లో మిగిలిపోయే మాటలు బాగా ఎక్కువయ్యాయి. నా ఈడు వాళ్లకు ఈ సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నేనుండేది ఎల్బీనగర్‌లో. ఆ ఆకులు నన్ను తీసుకుపోయింది ఇక్కడికి మూడు మెట్రో స్టేషన్ల దూరంలో ఉన్న దిల్‌సుఖ్‌నగర్‌కు, అదీ మెట్రో స్తంభాలు ఇంకా లేని రోజుల్లోకి. గోదావరి ప్రాంతం నుంచి లెక్కల మాస్టారుగా ఒక కోచింగ్ సెంటర్‌కు వచ్చి, సరూర్‌నగర్ చెరువు వైపు వెళ్లే ఒక సందులో మేడ మీద గది కిరాయికి తీసుకున్నాను. రోజుకు నాలుగు బ్యాచీలు, బ్యాచీకి నూరుమందికి తక్కువ కాకుండా పిల్లలు, గొంతు చించుకుని చెప్పి చెప్పి గదికొస్తే పలకరించే ప్రాణి ఉండేది కాదు. మా ఇంట్లో పూటకు పద్నాలుగు విస్తళ్లు లేచేవి, మాట దొరకాలంటే గట్టిగా అరవాల్సిందే, అలాంటి కొంపలోంచి వచ్చినవాణ్ని. ఒక ఆదివారం సాయంత్రం అగ్గిపెట్టె కొందామని కొట్టుకు వెళ్తే గొంతు పెగల్లేదు. పొద్దుటి నుంచీ ఒక్క మాటా మాట్లాడలేదని అప్పుడు తెలిసింది. నిజం చెప్పొద్దూ, భయమేసింది.

మర్నాడే వెళ్లి బస్టాండు వెనక సందులో ఉన్న చేపల దుకాణంలో ఒక ఫైటర్ చేపను కొన్నాను. నీలం ఒళ్లు, కుచ్చెళ్లు విప్పినట్టు ఎర్రటి తోక. దుకాణదారు జాగ్రత్తలన్నీ చెప్పాడు. కుళాయి నీళ్లకు బ్లీచింగ్ ఉంటుంది గనక ఒక రోజు బకెట్లో నిలవబెట్టి వాడాలి, నీళ్లన్నీ ఒక్కసారి మార్చకూడదు, మేత గింజలు నాలుగుకు మించి వేయకూడదు, పైకి వచ్చి గాలి పీల్చుకుంటుంది గనక తొట్టి నిండా నీళ్లు పోయకూడదు. అన్నీ బుద్ధిగా తలూపి విన్నాను. చివర్న అతనన్న మాట మాత్రం నాకు మింగుడుపడలేదు.

“ఇది ఒక్కటే ఉండాలె సార్. ఇంకోదాన్ని చూసిందంటే కొట్లాటే.”

పద్నాలుగు విస్తళ్ల ఇంటి బుద్ధి నాది. ప్రాణమున్నది ఏదైనా ఒంటరిగా ఉండి సుఖపడుతుందంటే నేనెలా నమ్ముతాను? రెండో చేపను తెచ్చే ధైర్యం లేక, నా గడ్డం గీసుకునే అద్దాన్ని గాజు తొట్టికి ఆనించి, నేను వచ్చేదాకా నీకు తోడుగా ఉంటుందిలే అని చెప్పి మరీ క్లాసులకు వెళ్లేవాణ్ని. చేప అద్దం ముందు మొప్పలు విచ్చుకుని, తోక పరుచుకుని నాట్యం చేసినట్టు తిరుగుతుంటే, ఎంత సంబరపడుతోందో అని నేనూ సంబరపడ్డాను. వారం తిరిగేసరికి తోక చివర్లు నల్లబడి పీలికలయ్యాయి. ఆ పైన రెండు రోజులకు చేప తొట్టి అడుగున ఒక పక్కకు ఒరిగిపోయి, గింజ వేస్తే కన్నెత్తి కూడా చూడలేదు.

దుకాణానికి పరుగెత్తాను. అద్దం సంగతి చెప్పగానే అతను తల పట్టుకున్నాడు.

“పొద్దందాక పెట్టిన్రా? అది దోస్త్ అనుకోదు సార్, దుష్మన్ అనుకుంటది. కొట్లాడి కొట్లాడి పరేషాన్ అయింది పాపం.”

నేను సంబరమనుకున్నది రోజంతా ఓడలేక గెలవలేక పడిన ఆక్రోశమన్నమాట. ఇంతమంది పిల్లలకు తప్పులు దిద్దేవాణ్ని, ఆ మాటకు నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. అతను మందు చెప్పాడు. రోజూ కాసిని నీళ్లు తీసి నిలవ నీళ్లు పోయాలి, ఐదు లీటర్లకు ఒక చిన్న చెంచాడు కల్లుప్పు విడిగా కరిగించి కలపాలి, అదీ వారం పది రోజులే. చలికాలం గనక నీళ్లు చల్లబడకుండా చూడాలి, రెండు రోజులు తిండి పెట్టకూడదు. అన్నిటికంటే ముఖ్యం, రాలి ఎండిన బాదం ఆకు ఒకటి కడిగి నీళ్లలో వేయాలి. నీళ్లు పల్చటి టీ రంగుకు తిరుగుతాయి, పుండ్లు మానడానికి అది మంచిదట. మా వైపు ఇడ్లీలు కట్టిచ్చే ఆకు చేపకు మందవుతుందని నాకప్పటిదాకా తెలియదు.

బాదం చెట్టు మేముండే ఇంటి ముందే ఉంది. మేము అంటే పైన నేను, కింద ఓనరమ్మ. నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చిన పెద్దావిడ, భర్త లేడు, ఆదివారం చర్చికి తప్ప గడప దాటేది కాదు. కిరాయి ఇచ్చేటప్పుడు తప్ప నేనావిడతో మాట్లాడింది లేదు. పొద్దున్నే చీపురు పట్టుకుని రాలిన ఎర్ర ఆకులు ఊడుస్తున్న ఆవిడ దగ్గరికి వెళ్లి, రెండాకులు కావాలండీ, చేపకు ఒంట్లో బాగాలేదు అన్నాను. ఆవిడ చీపురు గోడకానించి నవ్విన నవ్వు నాకింకా వినిపిస్తుంది.

“చేపకు దవా చేస్తరా సారూ? మేం పులుసు చేస్తం గని!”

నవ్వినా, మచ్చలేని ఆకులు ఏరి ఎండబెట్టి ఉంచేది. నేను తీసిన పాత నీళ్లు పారబోయకుండా ఆ చెట్టు మొదట్లోనే పొయ్యమంది. అలా రోజూ పొద్దున నీళ్ల చెంబుతో దిగడం, ఆకుతో పైకెక్కడం అలవాటైంది. మధ్యలో పది నిమిషాలు, ఎట్లున్నది మీ చేప, తిన్నదా, అని మొదలై, మా అమ్మ పెట్టే పచ్చళ్ల దాకా, వాళ్ల ఊరి చెరువు దాకా వెళ్లేది. మూడో వారానికి తోక అంచున గాజుకాగితంలాంటి కొత్త పొర తొడిగింది. చేపకు నయమైంది. ఆనందపడాల్సిందే, పడ్డాను కూడా. కానీ నీళ్లు వారానికొకసారి మారిస్తే చాలని దుకాణదారు అన్నప్పుడు నా గుండె జారింది. రోజూ కిందికి దిగడానికి ఇంకేం వంక పెట్టను?

సిగ్గు విడిచి చెబుతున్నాను, నేను దుకాణదారు మాట ఆవిడకు చెప్పలేదు. రోజూ ఒక చెంబు నీళ్లు తీస్తూనే ఉన్నాను, ఆకులు అడుగుతూనే ఉన్నాను. ఆకులు నా గదిలో మూలన గుట్ట పడ్డాయి. రెండేళ్లు దాటాక చేప ముసలిదై, ఏ జబ్బూ లేకుండానే ఒక పొద్దున పోయింది. కుండీలో పాతిపెట్టి, కళ్లు తుడుచుకుని, అలవాటుగా కిందికి దిగాను. ఎట్లున్నది సారూ అని ఆవిడ అడిగితే, బాగానే ఉందండీ అన్నాను. అలా నాలుగు నెలలు, చచ్చిపోయిన చేపకు మందు తీసుకెళ్లాను.

తరవాత నన్ను విజయవాడ బ్రాంచికి మార్చారు. గది తాళం ఇవ్వబోతే ఆవిడ నా చేతిలో ఒక ఆకుల కట్ట పెట్టింది. చేప లేదని అప్పుడైనా చెప్పక తప్పదని నసుగుతుంటే, ఆవిడే అంది.

“నాకెర్కే బిడ్డా. ఆకులు తీస్కపోతుంటివి, నీళ్లు తెస్తలేవు. గప్పుడే సమజయింది. అడిగితే మల్ల రావేమోనని అడగలే.”

అన్నాళ్లూ సారూ అన్న మనిషి ఆ రోజే బిడ్డా అంది. వస్తుంటానండీ అన్నాను. పెళ్లి, ఉద్యోగం, ఇల్లు, ఒకటేమిటి, వెళ్లకపోవడానికి మాత్రం నాకెన్ని సాకులో దొరికాయి. నగరానికి తిరిగొచ్చి ఎప్పటికో ఆ సందులోకి వెళ్లేసరికి ఆ ఇంటి చోట ఐదంతస్తుల హాస్టల్ ఉంది. చెట్టు లేదు. ఆవిడ గురించి చెప్పగలిగినవాళ్లూ లేరు.

ఇప్పుడు బాదం ఆకు ఇంటికే వస్తుంది. ఎవరి గడపా తొక్కక్కర్లేదు, ఎవరినీ అడగక్కర్లేదు, ఎవరూ నవ్వరు. సుఖమే, కాదనను. అయినా నిన్న మా కాలనీ పార్కులో రాలిన ఆకులు నాలుగు ఏరుకొచ్చి, కడిగి, బాల్కనీలో ఆరబెట్టాను. ఎదురింటి అమ్మాయి పొట్లంలో ఉన్నవి పదే కదా, ఎప్పటికైనా అయిపోతాయి. ఎదురింటి తలుపు చప్పుడైతే లేచి చూస్తున్నాను.