ఫ్యూజులో రాగి తీగ

మొగిలికి ఒక పిచ్చి ఉండేది. ఇంట్లో కరెంటు పోతే ఊరుకోడు. శ్రీరాంపూర్ కాలనీ మూడో లైన్లో అతని క్వార్టరు. ఆ క్వార్టర్లలో కరెంటు వాడకానికి ఎవరూ వెనకాడరు. వంట హీటరు మీద, స్నానాల నీళ్లు హీటరు మీద, ఎండాకాలమైతే రెండేసి కూలర్లు. అంత బరువుకు వెంట్రుకంత ఫ్యూజు తీగ ఎక్కడ ఆగుతుంది? రోజుకు రెండుసార్లు కాలేది. విసుగొచ్చి మొగిలి లావుపాటి రాగి తీగను మెలిపెట్టి ఫ్యూజులో బిగించాడు. "ఇగ సచ్చినా పోదు" అని చేతులు దులుపుకున్నాడు. ఆ లైన్లో సగం మంది చేసే పనే అది. ముప్పై మూడేళ్లుగా బొగ్గుబాయిలో పనిచేస్తున్నవాడి ఇంట్లో కరెంటు పోవడమంటే నామోషీ కాదూ!

భార్య సారక్క కాపురానికి వచ్చిన నాటినుంచి ఇరవయ్యేళ్లు బొగ్గు పొయ్యి ముందు కూర్చుంది. హీటరు కొనేసరికే ఆమె ఛాతీ పాడైంది. బొగ్గు గనిలోకి దిగిన మొగిలి గుండ్రాయిలా ఉన్నాడు, ఇంటి పట్టున ఉన్న ఆమెకు ఊపిరి అందకుండా పోయింది. ఇదెక్కడి న్యాయమో ఆ దేవుడికే తెలియాలి! నిరుడు మంచిర్యాల డాక్టరు గాలిలోంచి ఆక్సిజన్ తీసిచ్చే మిషన్ రాశాడు. గోడకు ప్లగ్గు, ముక్కుకు గొట్టం, రోజుకు పదహారు గంటలు. సిలిండరు కూడా ఒకటి దగ్గర పెట్టుకోమంటే, "మా కాడ కరెంటు పోదు సార్" అన్నాడు మొగిలి, గొప్పగా.

కొడుకు శ్రావణ్ కిరాయి కారు నడుపుతాడు. పొద్దున్నే పెట్రోలు బండి స్టార్టు చేస్తే కిటికీలోంచి పొగ దూరి సారక్క దగ్గి దగ్గి మెలికలు తిరిగేది. చూసి చూసి ఆ బండి అమ్మేసి కరెంటు కారు కొన్నాడు. చార్జింగు క్వార్టరు గోడకే. మొదటిరోజు సారక్క గుమ్మంలో నిలబడి, "పొగ లేదు, కంపు లేదు, గిది బండేనా బిడ్డా?" అని నవ్వింది. ఆమె నవ్వి ఎన్నాళ్లయిందో.

ఎదురింటి రాజానికి మాత్రం అది మింగుడుపడలేదు. మొగిలితో ఒకే షిఫ్టులో పనిచేసేవాడు, పాత పెట్రోలు కారున్నవాడు. సాయంత్రం ఇద్దరూ బెంచీ మీద కూర్చుంటే ఇదే పంచాయితీ.

"పొగ లేదంటవేందే మొగిలన్నా? గా పవర్ ప్లాంటు చిమ్నీ సూడరాదు! మనం తోడిన బొగ్గే ఆడ కాలుతది, గా కరెంటే నీ కొడుకు బండి తాగుతది. మల్ల గా బ్యాటరీలు కరాబైతే ఏ వాగుల పారేస్తరు?"

"పారేసినప్పుడు సూద్దాం గని, గా చిమ్నీ నా పెండ్లాం కిటికి కాడ లేదు గద రాజం! నీ బండి ఉన్నది."

రాజం మూతి ముడుచుకున్నాడు. నిజానికి ఇద్దరి మాటా అబద్ధం కాదు. మర్నాటినుంచి మాత్రం రాజం తన బండిని మూల మలుపు దాకా తోసుకుపోయి అక్కడ స్టార్టు చేసేవాడు. నోరు కటువే గానీ మనిషి మంచివాడు.

ఏప్రిల్ నెల, మిట్టమధ్యాహ్నం. కారు కరీంనగర్ నుంచి చార్జింగు అడుగంటి వచ్చింది. శ్రావణ్ ప్లగ్గు పెట్టి స్నానానికి వెళ్లాడు. హీటరు మీద పప్పు ఉడుకుతోంది, రెండు కూలర్లూ తిరుగుతున్నాయి, మిషన్ నడుస్తోంది. మామూలు ఫ్యూజైతే అప్పుడే ఎగిరిపోయేది, రెండు నిమిషాల్లో తీగ మారిస్తే సరిపోయేది. ఎగరలేదు. రాగి తీగ చెక్కుచెదరలేదు, గోడలోని వైర్లు మండాయి. సారక్క మంచం పక్కనున్న బోర్డు నల్లటి పొగ కక్కింది. మిషన్ మాడిపోయింది. తండ్రీ కొడుకులు ఎత్తుకొని బయటికి తెచ్చేసరికే ఆమె పెదవులు నీలమయ్యాయి. రాజం అడగకుండానే బండి తెచ్చాడు. వెనక సీట్లో మొగిలి ఒళ్లో తల పెట్టుకొని, మంచిర్యాల దవాఖాన దారిలో నస్పూర్ దాటేదాకా సారక్క అతని అంగీ పట్టుకునే ఉంది. ఆ తర్వాత వదిలేసింది.

కాలనీ తీర్పు చెప్పేసింది. కరెంటు కారే సారక్కను పొట్టన పెట్టుకుందన్నారు. రాజం కూడా ఏడ్చుకుంటూ అదే అన్నాడు. పక్క లైన్లో ఇద్దరు కరెంటు కారు కొందామనుకున్నవాళ్లు ఆ ఆలోచనే మానుకున్నారు. పలకరించడానికి వచ్చిన ప్రతివారికీ శ్రావణ్ తలొంచుకొని, "అవును, నా బండితోనే అయింది" అని చెప్పాడు.

మొగిలి పక్కనే కూర్చొని విన్నాడు. ఫ్యూజు మాట గొంతు దాకా వచ్చి ఆగిపోయేది. చెబితే కొడుకు మళ్లీ తన మొహం చూస్తాడా? ఉన్న ఒక్కడూ పోతే తాను ఏమైపోవాలి? అట్లా పదకొండు రోజులు నోరు కుట్టేసుకున్నాడు. పిరికితనమే, దానికి ఇంకో పేరు పెట్టనక్కర్లేదు. అన్నం ముద్ద లోపలికి పోయేది కాదు, కళ్లు మూసుకుంటే అంగీ పట్టుకున్న ఆ చెయ్యే.

పన్నెండోనాడు పెద్దపల్లి నుంచి కారు కొనే బేరగాడు వచ్చాడు. వాడు ఎంతంటే అంతకే సరేనని శ్రావణ్ కారు కాగితాలు బయటికి తీశాడు. ఇక మొగిలి వల్ల కాలేదు. కొడుకు రెక్క పట్టుకొని పెరట్లోకి తీసుకుపోయాడు.

"అమ్మకురా బిడ్డా. బండి తప్పు కాదు. ఫ్యూజుల రాగి తీగ ఏసింది నేనే. నీ అవ్వను నేనే..."

"ఎరుకే బాపు," అన్నాడు శ్రావణ్ గోడవైపు చూస్తూ. "దవాఖానల నుంచి వచ్చినంక, కరెంటాయన రాకముందే గా తీగ నేనే పీకి పారేసిన."

మొగిలి నీళ్ల తొట్టి అంచు పట్టుకున్నాడు. "మరి అందరికీ బండిదే తప్పని ఎందుకు చెప్పినవ్‌రా?"

శ్రావణ్ ఇప్పుడు తిరిగి చూశాడు. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"బండినైతే అమ్మేస్త బాపు. నిన్నేం జెయ్యాలె?"

ముందు గుమ్మంలో బేరగాడు సంతకం కోసం పిలుస్తున్నాడు. శ్రావణ్ వెళ్లి సంతకం పెట్టాడు. మొగిలి ఆపలేదు.