యంత్రం కంటికి బొట్టు

"ఎవరమ్మా దీని కంటి మీద కుంకుమ పూసింది?"

"పూసుడేంది సారూ, బొట్టు పెట్టిన. ఆయుధ పూజ నాడు ఇనుమును బోడిగ ఉంచుతరా?"

"ఇది కెమెరా! ఈ బండికి ఇదే చూపు!"

"మరి దాని మొగాన ఇంకో జాగా ఏడుంది సారూ? ముక్కున్నదా, నొసలున్నదా?"

ఆ రోజుల్లో యంత్రం ఎవరిదైనా, ఎందుకొచ్చినా, ముందు దానికి బొట్టు పడాలి, మంచిచెడ్డలు తర్వాత. తొంభైల చివర చౌటుప్పల్ దగ్గర మందుల పొడులు నిల్వచేసే ఒక గోదాములో నేను ఊడ్చే పనికి, మా ఆయన మూటలెత్తే బండి తోలే పనికి వెళ్ళేవాళ్ళం. ముప్పై నిండని వయసు, మూడో తరగతితో ఆగిన చదువు, ఒకరి మాట పడని నోరు, ఇవే నా ఆస్తి. మా ఆయన ఆ బండెక్కితే కలెక్టరు జీపెక్కినట్టే ఉండేది (దిగితే మళ్ళీ మామూలు మనిషే, ఇంట్లో నీళ్ళ బిందె కూడా ఎత్తేవాడు కాదు). మా ఇల్లు నడిచేది ఆ సీటు మీదే.

ఇంతలో హైదరాబాదు నుంచి ఒక కుర్ర ఇంజినీరు (మేమంతా కండ్లద్దాల సారు అనేవాళ్ళం) తోలే మనిషి లేకుండా నడిచే బండిని తెచ్చాడు. దాని ముందు ఒక గాజు కన్ను. నేల మీద నలుపు తెలుపు గడుల బిళ్ళలు అంటించారు. వాటిని చూసుకుంటూ తానెక్కడున్నదీ తెలుసుకుని పోతుందట. ఎదురుగా మనిషో మూటో కనబడితే గుద్దకుండా ఆగి కూత పెడుతుందట. ఆయుధ పూజ మంచిరోజు కనుక ఆ రోజే తన ముందు నడిపి చూపించాలని గోదాము యజమాని సేటు పట్టుబట్టాడు. అది నడిచిందంటే పండుగ దాటగానే మా ఆయన సీటు పోయినట్టే. ఆ సంగతి గోదాములో అందరికీ తెలుసు.

పూజ నాడు కుంకుమ గిన్నె నా చేతికిచ్చారు. తూకం కాంటా, కరెంటు డబ్బా, మా ఆయన బండి, నా చీపురు, అన్నిటికీ వరుసగా పెట్టుకుంటూ పోయాను (కుంకుమ మా ఇంటిది కాకపోయినా పొదుపుగానే, చిటికెడుతో పోయేదానికి పిడికెడెందుకు?). కొత్త బండి దగ్గరికి రాగానే మా ఆయన దూరం నుంచే కళ్ళురిమాడు. మన అన్నం గుంజుకునేదానికి బొట్టేమిటని ఆయన కోపం. ఇనుముతో మనకు పగేమిటని నా లెక్క. కన్ను నడుమ గుండ్రంగా దిద్దాను.

సేటు కొబ్బరికాయ కొట్టాడు. సారు మీట నొక్కాడు. బండి కదల్లేదు, ఒకటే కూత. సారు మనుషుల్ని జరిపించాడు, మూటలు తీయించాడు, చివరికి కొబ్బరి చిప్పలు కూడా ఏరించాడు. అయినా దానికి ఎదురుగా ఏదో అడ్డమే! వెనక డబ్బా విప్పి తీగలన్నీ లాగి చూశాడు. ఎప్పటికో దాని ముందు గొంతుక్కూర్చుని చేతిరుమాలుతో గాజు తుడిస్తే రుమాలు ఎర్రబడింది. అక్కడ మొదలైంది పైన చెప్పిన రగడ.

"భర్త ఉద్యోగం పోతుందని కావాలనే చేసింది, సేటుగారూ" అన్నాడు సారు.

సేటు మొహం మాడిపోయింది. "గదే నిజమైతే మొగడూ పెండ్లాం ఇద్దరూ ఇటు నుంచి ఇటే పోవాలె" అన్నాడు.

"జర బయటికొచ్చి సారు స్కూటర్ సూడు సేటూ" అన్నాను.

వెళ్ళి చూశారు. స్కూటర్ ముందు లైటు నడిమధ్య బొట్టు. దానికి తగిలించిన ఆయన అన్నం డబ్బాకూ బొట్టే. "సారు అన్నం మీద గూడ నాకు పగేనా?" అన్నాను. సేటు పొట్ట పట్టుకుని నవ్వాడు. మా పని నిలబడింది.

తుడిచాక బండి చక్కగా నడిచింది, ఒప్పుకోవాలి. మూల తిరిగి నా ఎదురుగా వచ్చి ఆగి, మర్యాదగా కూత పెట్టింది. నాకోసం ఆగిన మొదటి బండి అదే (ఆర్టీసీ బస్సు కూడా ఏనాడూ ఆగలేదు). మా ఆయన మాత్రం ఒక మూట మీద కూర్చుని తన బండి తాళంచెవి వేళ్ళ మధ్య తిప్పుతున్నాడు.

మధ్యాహ్నం ఎప్పటిలాగే ఊడ్వడం మొదలుపెట్టాను. తెల్లటి పొడి దుమ్ము లేచి గాజు కన్ను మీద పేరుకుంది. బండి నడిమధ్య నిలబడి కూత. సారు తుడిచాడు, నడిచింది. మళ్ళీ దుమ్ము, మళ్ళీ కూత.

"అమ్మా, కాసేపు ఊడ్వడం ఆపుతావా?"

"ఊడ్వకుంటే సేటు కూలెందుకిస్తడు సారూ?"

సేటు కూడా తలూపాడు. "మందుల గోదాము ఊడ్వకుంటె ఎట్ల? మరి దినమంత గుడ్డ పట్టుకొని దీనెంబడి ఎవరుండాలె, నువ్వుంటవా?" అని సారును అడిగాడు. సారు తల అడ్డంగా ఊపాడు. సేటు మా ఆయన వైపు చూశాడు. "గుడ్డ నువ్వు పట్టు, జీతం గదే" అన్నాడు.

ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చున్నాక మా ఆయన అందుకున్నాడు. "బండి మీద కూసున్నోన్ని బండెంబడి నడిపిస్తున్నవ్ గదనే!"

"నడువయ్యా, ఒళ్ళు తగ్గుతది. పప్పు ఎయ్యాల్నా?"

ఇప్పుడు మనుమరాలు కొత్త ఫోను తెస్తే, వెనక్కి తిప్పి ఆ చిన్న కన్ను ఎక్కడుందో చూసుకుని, పక్కన బొట్టు పెడతాను. "అవ్వా, నీకు గివన్ని ఎట్ల ఎరుక?" అంటుంది. గాజు కన్నును నొసలనుకున్న ఆ నోటిధాటి మనిషి (నేనే లెండి) గుర్తొచ్చి నవ్వుకుంటాను. అంత ధీమా ఇప్పుడెక్కడిది?

ఆ పూజ మర్నాడు పొద్దున మా ఆయన నా పాత చీర చెంగు చింపి (ఇంకో ఏడాది కట్టుకోవలసిన చీర!) మడిచి జేబులో పెట్టుకున్నాడు. గోదాములో ఆ గాజు కన్నును పిల్లవాడి మొహం తుడిచినట్టు మెల్లగా తుడిచాడు. తర్వాత నా వైపు చూడకుండానే చేయి చాపాడు.

"కుంకుమ తెచ్చినవా? ఇటియ్యి. కంటికి జర కిందికి పెడత."