పికప్‌కూ కారుకూ నడుమ

"ఇంత పొడుగు మోకు ఎందుకయ్యా?" అని ఎల్లారెడ్డి పెట్రోల్ బంకు ముంగట మా ఆయనను ఎన్నిసార్లు అడిగిన్నో. బాయిలకు మోటరు దించే మోకు అది, పచ్చ నైలాన్‌ది. ఒక కొస మా పికప్ వెనుక కొండికి, ఇంకో కొస ఆగిపోయిన కారు ముంగటి కొండికి కట్టిండు. నడుమ ఎడ్లతోని సహా ఒక బండి పట్టేంత జాగ మిగిలింది.

"జర కొయ్యరాదు?"

"మోటరు మోకు ఎవరన్న కోస్తరానే? రేపు మోటరు కాలిపోతే నీ చున్నీతోని గుంజాల్నా?"

"పోనీ మడిచి కట్టు."

"మెలిక పడితే పాడైతది."

అయిపాయె. మా దిక్కు మనిషి మెడల బంగారం అన్న అమ్ముకుంటడు గని మోటరు మోకు మీద కత్తి పెట్టడు.

ఆ పొద్దు మా అత్తను కామారెడ్డికి తీస్కపోయేది ఉండె. కంటి ఆపరేషన్ అయ్యింది, పట్టీ విప్పుత రమ్మన్నడు డాక్టరు. నేనే కారు నడుపుకుంట బయలెల్లిన. ఎల్లారెడ్డి దాటనే లేదు, కారు గుర్రుమని ఆగింది. బంకు కాడి మెకానిక్ చూసిండు, ఇంజన్ల బెల్టు తెగిందట, సామాను కామారెడ్డిలనే దొరుకుతదట. ఫోన్ చేస్తే మా ఆయన మక్కల బస్తాలు దించేసి పికప్ వేసుకొని వచ్చిండు. అత్తను పికప్‌ల ఎక్కియ్యబోతే మోకాలు లేవలే. "నా కోడలి బండ్లనే కూసుంట" అని కారు వెనుక సీట్ల కూలబడ్డది.

"గుంజుకపోయే కార్ల మనుషులు కూసోవద్దత్తా."

"మరి నువ్వెవరు, దయ్యానివా?"

ఆమెతోని ఎవరు గెలుస్తరు!

మా ఆయన కిటికీ కాడ నిలవడి అన్నీ చెప్పిండు. చాబీ తియ్యకు, తీస్తే స్టీరింగ్ బిగుసుకుంటది. గేర్ల ఉంచకు. ఇంజన్ బంద్ ఉన్నది గన్క రెండుసార్లు తొక్కంగనే బ్రేకు రాయి లెక్క అయితది, గట్టిగ ఒత్తు. దిగుడుల మోకు సడలుతది, జర బ్రేకు పట్టి మోకును గుంజి ఉంచు. ఆపాల్నంటే హారన్ కొట్టు, ఆగుత. ఒక్క మాటలనన్న తప్పు పట్టనీకి లేదు. నా మాట ఒక్కటే చెవిల పోలే.

"నడుమ సందుల ఎవడన్న దూరితే?"

"ఎవడు దూరుతడే, కండ్లు లేవా?"

పచ్చ మోకు, రోడ్డు పొంటి పచ్చ చేన్లు, ఎవనికి కనబడాలె? ఏదన్న ఎర్ర గుడ్డ కడుదామని నేను కిందికి దిగేలోపల ఆయన పికప్ స్టార్ట్ చేసిండు. డాక్టరు పోతడని ఆయన తొందర. నాకు ఒళ్ళు మండింది.

బండ్లు కదిలిన కాడికెల్లి నా పానం కుదురుగ లేదు. స్టీరింగ్ తిప్పాల్నంటే రెక్కలు పీకుతున్నయి. నా చూపంత ఆ సందు మీదనే. ఒక మేక అటు తిరిగితే కాలు బ్రేకు మీదికి పోయింది. ఒకడు స్కూటరు మీద నన్ను దాటి, పికప్ వెనుక చొరవడబోయి, ఏమనిపిచ్చిందో మళ్ళ బయటికి తిప్పుకున్నడు. చెమటకు చేతులు జారుతున్నయి. పైజామాకు తుడుసుకుందామన్నా చెయ్యి ఇడిసే ధైర్యం లేదు.

వెనుకకెల్లి అత్త అడిగింది, "ఎవరిని తిడుతున్నవే?"

"నీ కొడుకును."

"తిట్టు, తిట్టు. వాడు అచ్చం వాళ్ళ నాయన లెక్కనే." ఒక కంటికి పట్టీ, రెండోది మొదటికెల్లి మసకనే. ఆమెకు రోడ్డు లేదు, మోకు లేదు. హాయిగ కూసున్నది.

లింగంపేట దాటినంక అడివిల రోడ్డు దిగుడు పడ్డది. మోకు సడలి రోడ్డు మీద ఈడ్సుకుంట పోతున్నది. నేను ఇంకా బ్రేకు పట్టలే, పట్టాలె అనుకుంటున్న. అప్పుడే ఎడమదిక్కు తండా బాటల ఒక బైకు కనబడ్డది. మొగుడు, వెనుక పెండ్లం, ముంగట టాంకీ మీద పసుపుపచ్చ గౌను తొడుక్కున్న చిన్న పోరి. రోడ్డు అవుతల దుకాణం ఉన్నది, అటు పోవాలె వాళ్ళు. పికప్ పోయేదాక ఆగిండు. పోయింది. వెనుక కారు మెల్లగ వస్తున్నది, జాగ బాగనే ఉన్నది. దూరిండు.

హారన్ కొడితే మా ఆయన ఆపుతడు, కారు పోయి వాళ్ళ మీద పడుతది. బ్రేకు తొక్కితే మోకు గుంజుకోని కొరడా లెక్క పైకి లేస్తది, సక్కగ ఆ పోరి మెడకు. ఇదంత ఆలోచించిన్నని చెప్పను. మోకు లేసుడు, ఆ మెడ, రెండే కనబడ్డయి. బ్రేకు దిక్కు పోయే కాలును వెనుకకు గుంజిన. ఉన్న బలమంత పెట్టి స్టీరింగ్‌ను ఎడమకు, వాళ్ళు వచ్చిన బాట దిక్కే, తిప్పిన. "ఓరి దేవుడా" అని ఒర్రిన. బైకు టైర్లు మోకు మీదికెల్లి అవుతలికి దొర్లినయి. కారు రోడ్డు అంచుకున్న మొరంల దిగింది, మోకు టక్కున గుంజింది, ఇద్దరం వెనుకకు తూలినం.

పికప్ ఆగింది. మా ఆయన ఉరికొచ్చిండు.

"నిద్రపోయినవానే? బోల్తా పడితే? అమ్మ కన్ను ఏంగావాలె?"

"పోరి సచ్చిపోతుండె" అన్న.

"ఏ పోరి?"

అత్త పట్టీ మీద చెయ్యి పెట్టుకొని "నాకేం కాలే, దాన్ని తిట్టకురా" అంటున్నది. నేను డోరు తీసుకొని దిగిన.

రోడ్డు అవుతల దుకాణం కాడ బైకు ఆగి ఉన్నది. ఆ మనిషి పోరిని సంకనేసుకోని మా దిక్కే వస్తున్నడు. పాపం, మంచోడే. మొరంల దిగిన టైరు చూసి "నెట్టాల్నా అన్నా?" అని మా ఆయనను అడిగిండు. నా దిక్కు తిరిగి "జర చూసుకోని నడుపు అక్కా, కార్ల ముసలామె ఉన్నది" అన్నడు.

నేను దగ్గరికి పోయి ఆ పోరి మెడ మీద చెయ్యి పెట్టిన. వెచ్చగ ఉన్నది. పూసల దండ ఒకటి, దాని కింద నరం టపటప కొట్టుకుంటున్నది. మా ఆయన నా చెయ్యిని చూసిండు, రోడ్డు మీద గుంజుకొని ఉన్న మోకును చూసిండు, అది ఎంత ఎత్తుల ఉన్నదో చూసిండు. ఆయన మొఖంల నెత్తురు లేదు.

పోరికి కితకితలైనయి. కిలకిల నవ్వి, ఇంకోసారి పెట్టుమన్నట్టు మెడ ముంగటికి చాపింది.