ఎన్నికలప్పుడు ఇంట్లో లేని తుపాకి

ఎన్నికలు వచ్చాయంటే మా ఇంట్లోని లైసెన్సు తుపాకిని పోలీస్ స్టేషన్‌లో జమ చేయాలి. కోడ్ ఎత్తేసేదాకా అది అక్కడే ఉంటుంది. పెన్‌పహాడ్ పక్కన మా పొలాల్లో పందుల బెడద ఉందని మా ఆయన దాన్ని తెచ్చుకున్నాడు. పందులు ఒక్కనాడూ దాన్ని లెక్కచేయలేదు. బీరువాలో తుపాకి ఉందని నలుగురికీ తెలియడమే ఆయనకు దర్జా.

సర్పంచ్ ఎన్నికల ముందర అది స్టేషన్‌లో ఉండగానే, ఉమ్మడి బోరు నీళ్ల వంతు దగ్గర ఆయనకూ ఆయన తమ్ముడికీ గొడవైంది. మా మరిది వాకిట్లోకొచ్చి, "నాయినకు ముద్ద పెట్టకుండ సంపింది నువ్వే" అన్నాడు. మా ఆయన విసురుగా లోపలికొచ్చాడు. నేను వంటింటి గడపలో ఉన్నాను. బీరువా తెరిచి, బట్టల వెనక చెయ్యి పెట్టి తడిమాడు. అక్కడేమీ లేదు. మూలనున్న కర్ర తీసుకుని బయటికి ఉరికాడు.

మరిది భుజం ఎముక విరిగింది. సూర్యాపేట దవాఖానలో చేర్చారు. ఇంటి గొడవని పోలీసు కేసు దాకా పోలేదు. నా తోటికోడలిది కోదాడ. "కర్రతో పోయింది, అదృష్టమే అక్కా" అని తనే నాకు ధైర్యం చెప్పింది. బీరువా సంగతి తనకు తెలియదు.

ఫలితాలొచ్చాక తుపాకి తీసుకుపొమ్మని ఫోనొచ్చింది. ఆయన ఇస్త్రీ చొక్కా తొడిగాడు. కారు నేనే నడిపాను. స్టేషన్ గేటు ముందు ఆపి అడిగాను.

"ఆ దినం బీరువా ఎందుకు తెరిసినవ్?"

ఆయన గబుక్కున నా వైపు తిరిగాడు. "సూసినవా?"

"సూసిన. అది ఇంట్లనే ఉంటే ఏం చేస్తుంటివి? పందుల ముచ్చట మాత్రం చెప్పకు."

గేటు దగ్గరి కానిస్టేబుల్ గుర్తుపట్టి రమ్మని చెయ్యి ఊపాడు. ఆయన దిగలేదు.

"కాలుస్తుంటి" అన్నాడు. "అప్పుడు వాడు నాకు తమ్ముని లెక్క కనపడలె."

నాకు కోపం కంటే భయమే ఎక్కువైంది.

"ఇగ నాకొద్దని రాసిచ్చి రా. అది పట్టుకొనొస్తే కారు ఎక్కకు."

చాలాసేపటికి వట్టి చేతులతో తిరిగొచ్చాడు. ఊళ్లోకి వచ్చేసరికి మా మరిది భుజానికి కట్టుతో నిలబడి, మిర్యాలగూడ మిల్లుకు వడ్ల బస్తాలు ఎత్తిస్తున్నాడు. మా కారు చూసి మొహం తిప్పుకున్నాడు.

తిప్పుకోనీ. తిప్పుకోవడానికి మనిషంటూ ఉన్నాడు.